సేవా క్లబ్బు వారం మీటింగును గంటా పావులో ముగించడం ఎలా?

చిన్న ఊరి సేవా క్లబ్బుకు జబ్బు చేస్తే అది ముందు బయటపడేది వారం మీటింగులోనే. ఏడుంబావుకని పిలుస్తారు, ఎనిమిదికి మొదలవుతుంది. వేదిక మీద ఏడుగురు, కింద పదిమంది. ముగ్గురికి శాలువాలు, ఇద్దరికి మెమెంటోలు, మధ్యలో ఫొటోలు, ఆఖర్న చల్లారిన ఇడ్లీలు. ఏం తీర్మానించారని మర్నాడు అడిగితే సెక్రటరీ కూడా తడుముకుంటాడు. ఇలా నాలుగు వారాలు గడిస్తే డాక్టరు రావడం మానేస్తాడు, తర్వాత బట్టల కొట్టాయన, ఆ తర్వాత మిగిలేది ప్రెసిడెంటు, ఆయన బావమరిది.

రోటరీ, లయన్స్, వాసవి, లేదా ఊళ్లో ఇరవై మంది కలిసి రిజిస్టరు చేసుకున్న సంఘం, పేరేదైనా నడిపే పద్ధతి ఒకటే. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పలమనేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి లాంటి ఊళ్లలో 20 నుంచి 30 మంది సభ్యులున్న క్లబ్బును దృష్టిలో పెట్టుకుని రాసిన పద్ధతి ఇది.

రోజు, వేళ

'ఏ రోజు వీలవుతుంది?' అని అడిగితే అందరూ ఏ రోజైనా సరే అంటారు, తీరా రారు. చీటీ ఇచ్చి 'ఏ రెండు సాయంత్రాలు అసలు రాలేరు?' అని అడగండి. తక్కువ మంది కొట్టేసిన రోజే మీ రోజు. మా వైపు శనివారం పనికిరాదు. చాలా ఇళ్లల్లో వెంకన్న కోసం ఒంటిపూట భోజనమే ఉంటుంది, తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు) అయితే మరీ. తిరుపతిలో వారాంతం యాత్రికుల రద్దీలో ఊరు దాటి హాలుకు చేరడమే ఒక పని. మంగళ, బుధవారాల్లో ఒకటి సాధారణంగా నిలబడుతుంది.

వేళ కుదర్చడం కష్టం. డాక్టరుకు సాయంత్రం ఓపీ, షాపులవాళ్లకు అదే బేరాల వేళ. అందరికీ సరిపోయే సమయం అంటూ లేదు కాబట్టి మొదలయ్యే గంట కంటే ముగిసే గంటను గట్టిగా పట్టుకోండి. ఎనిమిదిన్నరకు వదిలేస్తారన్న నమ్మకం కుదిరితే షాపు కుర్రాడికి అప్పగించి వస్తారు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచు పల్లెలకు బండి మీద తిరిగి వెళ్లేవాళ్లు ఉంటారు. రోడ్డు మీదికి ఏనుగులు వచ్చే చోట తొమ్మిదిన్నర దాకా కూర్చోబెడితే ఆ సభ్యులు మళ్లీ రారు.

ప్రతి వారమూ కలవాల్సిందేనా అంటే, రోటరీలో 2016 నుంచి క్లబ్బులకు వెసులుబాటు వచ్చింది, నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలు. చాలా లయన్స్ క్లబ్బులు కూడా నెలకు రెండుసార్లే కూర్చుంటాయి. అయినా కొత్త క్లబ్బుకు మొదటి ఏడాది వారం వారం కలవడమే మేలు. పదిహేను రోజుల మీటింగులో ఒకటి తప్పితే నెల రోజులు ముఖాలు చూసుకోరు.

హాలు లేదని ఆగిపోవద్దు. 1905లో చికాగోలో మొదలైన రోటరీకి ఆ పేరు వచ్చిందే ఒక్కోసారి ఒక్కో సభ్యుడి ఆఫీసులో వంతులవారీగా కూర్చోవడం వల్ల. స్కూలు గది, కల్యాణ మండపం భోజనాల హాలు, ఎవరిదైనా మేడ మీద షెడ్డు, ఏదైనా చాలు. కుర్చీలు వరసలుగా వేయకండి, అర్ధచంద్రాకారంలో వేయండి. ఇరవై మందికి మైకు అక్కర్లేదు. మైకు చేతికొస్తే రెండు నిమిషాల మాట పది నిమిషాలవుతుంది. వేదిక మీద మూడే కుర్చీలు: ప్రెసిడెంటు, సెక్రటరీ, వక్త. మాజీ ప్రెసిడెంట్లందరినీ వేదిక మీదికి పిలవడం మొదలుపెడితే అయిదేళ్లకు కింద ఎవరూ మిగలరు.

75 నిమిషాల లెక్క

ఏడు గంటలకు సార్జెంటు (మీటింగు ఏర్పాట్లు చూసే సభ్యుడు) తలుపు తీసి బ్యానరు, గంట, హాజరు పుస్తకం సర్దాలి. హాజరు పుస్తకం తలుపు దగ్గరే ఉండాలి. మీటింగు మధ్యలో చేతులు మారితే ప్రతివాడూ పేజీలు తిరగేస్తూ మాట వినడు.

7.15 – గంట. పదిమందే ఉన్నా కొట్టాలి. జాతీయ గీతం 52 సెకండ్లు. రోటరీ అయితే మన మాట, పని సరైనవో కావో చూసుకునే 'నాలుగు ప్రశ్నల పరీక్ష' చదవడం. అన్నీ కలిపి మూడు నిమిషాలు.
7.18 – ప్రెసిడెంటు మాట, అతిథుల పరిచయం, ఆ వారం పుట్టినరోజులు, పెళ్లిరోజులు. ఏడు నిమిషాలు.
7.25 – సెక్రటరీ: పోయిన వారం ఒప్పుకున్న పనులు ఎంతవరకు వచ్చాయి, వచ్చిన ఉత్తరాలు. ఏడు నిమిషాలు.
7.32 – కొత్త పనులు, తీర్మానాలు. పదమూడు నిమిషాలు.
7.45 – వక్త పరిచయం ఒక్క నిమిషం, ప్రసంగం 20 నిమిషాలు, ప్రశ్నలు 10.
8.16 – సరదా జరిమానాలు, శుభవార్తలకు హుండీలో పది రూపాయలు, ఎవరైనా చెప్పాలనుకున్న మాట.
8.26 – వందన సమర్పణ రెండు నిమిషాలు, వచ్చే వారం సంగతి.
8.30 – గంట, టిఫిను.

తీర్మానాలను వక్త కంటే ముందు పెట్టడం కొందరికి నచ్చదు. కానీ ప్రసంగం అయ్యాక లెక్కల మాట ఎత్తితే సగం మంది ప్లేట్ల వైపు చూస్తుంటారు, మిగతా సగం 'అలాగే కానివ్వండి' అంటారు. అలా ఒప్పుకున్న పనికి మర్నాడు మనిషి దొరకడు. పైగా క్లబ్బు లోపలి లెక్కలు వక్త ముందు విప్పడం బాగుండదు. వక్తను 7.40కి రమ్మనండి, ఏడుంబావుకు కాదు.

కోరం, అంటే తీర్మానం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, చూసుకోవడం మరవద్దు. రోటరీ సిఫారసు చేసే నియమావళిలో మామూలు మీటింగుకు కోరం మూడోవంతు. 24 మంది ఉన్న క్లబ్బులో ఎనిమిది మంది. అంతకంటే తక్కువ ఉంటే మాటలు, ప్రసంగం కానివ్వండి, తీర్మానం మాత్రం చేయకండి.

వక్తను పిలవడం

మూడు వారాల ముందు అడగాలి, మూడు రోజుల ముందు గుర్తు చేయాలి, ఆ రోజు మధ్యాహ్నం ఫోను చేయాలి. అడిగేటప్పుడే విషయం ఇరుకుగా చెప్పండి. 'ఆరోగ్యం గురించి మాట్లాడండి' అంటే ఏ డాక్టరైనా ఉదయం నడకతో మొదలుపెడతాడు. 'పాము కరిస్తే మొదటి గంటలో ఏం చేయాలి, ఏం చేయకూడదు' అంటే ఇరవై నిమిషాలూ పనికొస్తాయి.

ఈ జిల్లాల్లో వక్తలకు కరువు లేదు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, వెటర్నరీ యూనివర్సిటీ, ఐఐటీ, సైన్సు చదువులు, పరిశోధనల సంస్థ ఐసర్ ఉన్నాయి. గాదంకిలో వాతావరణ పరిశోధన కేంద్రం ఉంది, వానల గురించి అక్కడివాళ్లను అడగవచ్చు. ఏనుగులు పంట తొక్కితే పరిహారం ఎలా అడగాలో ఫారెస్టు రేంజరు చెప్తే పల్లె సభ్యులు ఒక్కరు కూడా గైర్హాజరు కారు.

అధికారి వస్తానని రాకపోవడం మామూలే, ఆ సాయంత్రం ఏదో పర్యటన పడుతుంది. ఎదురుచూస్తూ కూర్చోకండి. ఒక సభ్యుడి దగ్గర తన వృత్తి గురించి పది నిమిషాల మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. రోటరీలో దీన్ని క్లాసిఫికేషన్ టాక్ అంటారు. బెల్లం మండీ ఆయన రంగు చూసి, వేలితో నలిపి బెల్లాన్ని ఎలా వేరు చేస్తాడో చెప్తే, తోతాపురి మామిడికాయ గుజ్జు ఫ్యాక్టరీకి చేరేలోపు ధర ఎక్కడెక్కడ తెగుతుందో ఇంకొకరు చెప్తే, అనుకున్న ప్రసంగం కంటే అదే బాగుంటుంది.

రాజకీయ నాయకుణ్ని వారం మీటింగుకు పిలవకపోవడమే క్షేమం. ఆయన వెంట పాతికమంది వస్తారు, టిఫిను లెక్క తప్పుతుంది, అవతలి పార్టీ సభ్యుడు నెల రోజులు అలుగుతాడు.

తీర్మానం ఎలా ఉండాలి

'త్వరలో రక్తదాన శిబిరం పెట్టాలని నిర్ణయించడమైనది' అనేది తీర్మానం కాదు, కోరిక. పని ఎవరిది, ఏ తేదీలోపు, ఎక్కడ, ఎంత ఖర్చు, ఎవరి అనుమతి కావాలి అన్న అయిదింటికీ జవాబు పడ్డాకే ఓటుకు పెట్టండి. జవాబు లేకపోతే ప్రతిపాదించిన సభ్యుడికే వారం గడువివ్వండి. సగం ప్రతిపాదనలు అక్కడే ఆగిపోతాయి, ఆగనివ్వండి.

రక్తదానాన్నే చూడండి. దాత వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ముందు ఇచ్చి మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు దాటాలి. ఇది మీటింగులో ఒకరు చదివితే చాలు, జూనియర్ కాలేజీలో శిబిరం పెడదామన్న ఆలోచన అప్పుడే పోతుంది. ఇంటర్ పిల్లల్లో చాలామందికి 18 నిండవు. డిగ్రీ కాలేజీకి వెళ్లాలి, అదీ మే నెలలో కాదు, సెలవులు. బ్లడ్ బ్యాంకు వాళ్లు ఎన్ని మంచాలు, ఎంతమంది సిబ్బంది తెస్తారో ముందే అడిగి, దాన్ని బట్టే దాతల పేర్లు రాయించుకోవాలి. ఇక అసలు చెడేది ప్రారంభోత్సవం దగ్గర. తొమ్మిదికి వచ్చిన పిల్లలు ముఖ్య అతిథి కోసం పదకొండు దాకా ఖాళీ కడుపుతో కూర్చుంటారు, రక్తం ఇచ్చి లేవగానే కళ్లు తిరుగుతాయి. 'టిఫిను తిని రావాలి, దీపం ఎప్పుడు వెలిగించినా రక్తం తీయడం తొమ్మిదికే మొదలు' అని తీర్మానంలోనే రాసేయండి.

డబ్బు

ఉదాహరణకు లెక్క వేద్దాం, ధరలు మీ ఊరివి వేసుకోండి. 24 మంది సభ్యుల్లో వారానికి 16 మంది వస్తారు, ఇద్దరు అతిథులు. 18 ప్లేట్లు, ప్లేటు 80 రూపాయలు, మొత్తం 1,440. హాలు, కరెంటు 500. వక్త కారు ఖర్చు, చిన్న పుస్తకం 160. వారానికి 2,100. చాలామంది ట్రెజరర్లు దీన్ని నాలుగుతో, పన్నెండుతో గుణించి ఏడాదికి 1,00,800 అని వసూలు చేస్తారు. ఏడాదికి వారాలు 48 కావు, 52. అసలు ఖర్చు 1,09,200. తేడా 8,400 ఎక్కడ పోయిందో తెలియక ఏడాది ఆఖర్న ట్రెజరరు జేబులోంచి పెట్టుకుంటాడు, లేదా సేవా నిధిలో చెయ్యి పెడతాడు. రెండోది అసలు జరగకూడదు. తలకు ఏడాదికి 4,550 వస్తుంది, నెలకు 400 పెడితే సరిపోతుంది. క్లబ్బుల జిల్లా శాఖకు, అంతర్జాతీయ కార్యాలయానికి కట్టే చందా దీనికి వేరు.

బ్యాంకు ఖాతాలు రెండు ఉండాలి. సభ్యుల చందాతో నడిచే పాలన ఖాతా ఒకటి, ఊరివాళ్లు ఇచ్చిన విరాళాల సేవా ఖాతా ఒకటి. విరాళం డబ్బుతో ఒక్క కాఫీ కూడా తాగకూడదు. రెండు ఖాతాలకూ జంట సంతకాలు. మీ సంస్థకు 80జీ (దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉంటే, 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదు. ఆ మాట రసీదు రాసే ముందే చెప్పి చెక్కో, యూపీఐయో అడగండి.

టిఫిను సాదాగా ఉండాలి. పొంగలి, వడ, లేదా బజ్జీలు, మసాలా బొరుగులు చాలు. ఒకరు తమ పెళ్లిరోజని బిరియానీ పెడితే తర్వాతి వంతువాడు దాన్ని మించాలనుకుంటాడు, తాహతు లేనివాడు తన వంతు రాకముందే మానేస్తాడు. ప్లేట్ల లెక్క ఆ రోజు మధ్యాహ్నం రెండుకు ముగియాలి. వస్తానన్నవారి సంఖ్యకు రెండు కలిపి చెప్పండి.

ముందు, తర్వాత సెక్రటరీ పని

మీటింగుకు రెండు రోజుల ముందు వాట్సాప్‌లో ఒకే సందేశం, అయిదు వరసలు:

'బుధవారం 7.15 నుంచి 8.30. పాత హాలే. తేల్చాల్సినవి: కళ్ల శిబిరం తేదీ, బడికి బెంచీల కొటేషను. 7.45కి పాముకాటుపై డాక్టరుగారి మాట. వచ్చేవాళ్లు మధ్యాహ్నం రెండులోపు "వస్తాను" అని పెట్టండి.'

గుడ్ మార్నింగ్ పూలబొమ్మల గ్రూపులో ఇది పెడితే అరగంటలో పైకి కొట్టుకుపోతుంది. మీటింగులకు వేరే గ్రూపు పెట్టి, అందులో సెక్రటరీ, ప్రెసిడెంటు మాత్రమే రాసేలా సెట్ చేయండి. 'వస్తాను' అన్న జవాబు సెక్రటరీ నంబరుకే రావాలి.

మినిట్స్ అక్కడికక్కడే రాయాలి, ఇంటికెళ్లి గుర్తు చేసుకుని కాదు. ఎవరెంత బాగా మాట్లాడారో అక్కర్లేదు. తేదీ, హాజరు సంఖ్య, తీర్మానం, ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, పని ఎవరిది, గడువు, అంతే. వచ్చే వారం 7.25కి సెక్రటరీ చదవాల్సింది ఆ గడువు గడినే. కాని పనికి 'ఇంకా కాలేదు' అని ఆ మనిషి నోటే చెప్పించండి, సెక్రటరీ వాళ్ల తరఫున సాకులు చెప్పకూడదు.

వరసగా మూడుసార్లు రాని సభ్యుడి పేరు గ్రూపులో పెట్టకండి. ఆయనను క్లబ్బులోకి తెచ్చిన సభ్యుడు ఇంటికి వెళ్లి కనుక్కోవాలి. సగం సందర్భాల్లో కారణం చందా బాకీ, ముఖం చెల్లక రారు. పక్క ఊరి క్లబ్బు మీటింగుకు వెళ్లివచ్చినవారికి ఇక్కడ హాజరు వేయడం రోటరీలో పాత ఆనవాయితీ, దాన్ని మేకప్ అంటారు. పుత్తూరులో కుదరనివాళ్లు నగరిలో కూర్చుని రావచ్చు.

హాజరు పడిపోయే వారాలు ముందే తెలిసినవే. రోటరీ, లయన్స్ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది కనుక, జూలై మొదటి వారంలోనే క్యాలెండరు ముందేసుకుని గుర్తులు పెట్టండి: కాణిపాకం, తిరుమల బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, శ్రీకాళహస్తి శివరాత్రి, మేలో తిరుపతి గంగమ్మ జాతర, వేసవిలో మామిడి కోతలు, పెళ్లి ముహూర్తాలు. ఆ వారాల్లో వక్తను పిలిచి ఖాళీ కుర్చీలు చూపించకండి. సభ్యులు నలుగురు కూర్చుని పాత పనులు చూసుకుంటే చాలు, లేదా ఆ వారం సెలవని ముందే ప్రకటించండి.

కొత్త కార్యవర్గాన్ని డిసెంబరులోపే ఎన్నుకోండి. కాబోయే సెక్రటరీని జనవరి నుంచి పాత సెక్రటరీ పక్కన కూర్చోబెట్టి నెలకొకసారి మినిట్స్ రాయించండి. జూన్ ఆఖరి మీటింగులో అందరి ముందూ అప్పగించాల్సినవి: మినిట్స్ పుస్తకం, హాజరు పుస్తకం, వాడిన, వాడని రసీదు పుస్తకాలు, రెండు ఖాతాల చెక్కు పుస్తకాలు, పాన్ కార్డు, రిజిస్ట్రేషను కాగితం, గంట, బ్యానరు, బీరువా తాళాలు. ఒక్కొక్కటీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. బ్యాంకులో సంతకాలు మారడానికి రోజులు పడతాయి కనుక దానికి కావాల్సిన తీర్మానం కాపీ కూడా ఆ రోజే తయారుగా ఉంచండి, లేకపోతే జూలై మొదటి టిఫిను బిల్లు అరువు మీద నడుస్తుంది.