ల్యాప్‌టాప్ తెరపై తెలుగు చదవడం – 3వ పాఠం: స్కేలు, పాత సాఫ్ట్‌వేర్లు

తెర కొలతనూ రిజల్యూషన్‌నూ బట్టి అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో లెక్కించడం గత పాఠంలో నేర్చుకున్నాము. అభ్యాసంగా ఇచ్చిన 14 అంగుళాల, 2880×1800 తెరకు సరైన సమాధానం సుమారు 243. విండోస్ మాత్రం 100 శాతం స్కేలు (అక్షరాలనూ బటన్లనూ ఎంత పెంచి చూపాలన్న కొలత) వద్ద అంగుళానికి 96 పిక్సెళ్లే ఉన్నాయన్న లెక్కతో అక్షరాలను గీస్తుంది. 12 పాయింట్ల అక్షరానికి అది కేటాయించే 16 పిక్సెళ్ల ఎత్తు, అంగుళానికి 96 పిక్సెళ్లున్న తెరపై 4.2 మిల్లీమీటర్లు ఉంటే, ఈ తెరపై 1.7 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. ఆ ఎత్తులోనే తెలుగు అక్షరం తన తలకట్టునూ, గుడినీ, కింది వత్తునూ సర్దుకోవాలి. ధకూ థకూ తేడా లోపలి చుక్క ఒక్కటే, పకూ ఫకూ తేడా కింది చిన్న గీత ఒక్కటే కనుక, ఇంగ్లీషు చదివేవారి కంటే ముందు తెలుగు చదివేవారికే కళ్లు అలసిపోతాయి.

ఈ ఇబ్బంది ఎదురుకాగానే చాలామంది రిజల్యూషన్ తగ్గిస్తారు. అక్షరాలు పెద్దవవుతాయి గానీ, ఎల్‌సీడీ తెరలో పిక్సెళ్ల సంఖ్య మారదు కాబట్టి, 1920×1200 చిత్రాన్ని 2880×1800 గళ్లలోకి సాగదీయవలసి వచ్చి అంచులు మసకబారుతాయి. రిజల్యూషన్‌ను తయారీదారు నిర్ణయించిన స్థాయిలోనే ఉంచి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిచి, స్కేల్ దగ్గర 200 శాతం ఎంచుకోండి. అప్పుడు అదే అక్షరం 16కు బదులు 32 పిక్సెళ్లతో గీయబడుతుంది, అంటే పెద్దదీ అవుతుంది, వంపులూ తేటగా వస్తాయి. తెరపై పట్టే సామగ్రి మాత్రం 1440×900 తెరపై పట్టేంతే. అది ఇరుకనిపిస్తే 175 శాతం ప్రయత్నించవచ్చు. తెలుగులో రోజంతా టైపు చేసేవారికి మాత్రం 200కు తగ్గవద్దనే నా సలహా.

స్కేలు మార్చిన తరువాత ఒకసారి సైన్ అవుట్ చేసి తిరిగి రండి. అలా చేయనిదే కొన్ని ప్రోగ్రాములు కొత్త కొలతను గ్రహించవు. బటన్ల పరిమాణం సరిపోయి, అక్షరాలు మాత్రమే చిన్నవిగా ఉన్నవారు యాక్సెసిబిలిటీలోని టెక్స్ట్ సైజును 225 శాతం వరకు పెంచుకోవచ్చు. తిరుమల దర్శనం టికెట్ల పేజీ వంటి ఏదో ఒక వెబ్ పేజీ కోసమే అయితే కంట్రోల్, ప్లస్ మీటలు కలిపి నొక్కితే చాలు.

అసలు చిక్కు పాత సాఫ్ట్‌వేర్లతో వస్తుంది. తిరుపతిలో పెళ్లిపత్రికలూ కరపత్రాలూ కూర్చే ఒక డీటీపీ కేంద్రంలో కొత్త ల్యాప్‌టాప్ కొని, అందులో 2012 నాటి ఫోటోషాప్ సీఎస్6నూ, 2001 నాటి పేజ్‌మేకర్ 7నూ ఎక్కించారనుకుందాం. ఫోటోషాప్ సీఎస్6 స్కేలును పట్టించుకోకుండా పనిముట్ల బొమ్మలను చీమతలలంతగా చూపిస్తుంది. దాని ఐకాన్‌పై కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటబిలిటీ, అందులో చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్ తెరవండి. ఓవర్‌రైడ్ అన్న గడిలో టిక్కు పెట్టి, కింది జాబితాలో సిస్టమ్ ఎంచుకుని, ప్రోగ్రామును మూసి మళ్లీ తెరవండి. ఇకపై విండో మొత్తాన్ని విండోసే సాగదీస్తుంది కాబట్టి పనిముట్లతో పాటు ఫోటో కూడా కాస్త మెత్తబడి కనిపిస్తుంది. పత్రికలో పేర్లు సర్దడానికి ఇది అడ్డు కాదు. ఫోటో పదును సరిచూసే పనికి మాత్రం ఆ టిక్కు తీసివేయక తప్పదు.

పేజ్‌మేకర్ తీరు వేరు. స్కేలును తానే చూసుకోగలనని విండోస్‌కు చెప్పని పాత ప్రోగ్రాము కనుక, దానిని విండోస్ మనం అడగకుండానే సాగదీస్తుంది. అందుచేత అక్కడ మెనూలు చిన్నవిగా కాక మసకగా కనిపిస్తాయి. అదే జాబితాలో, విండోస్ 10కు 2017లో వచ్చిన సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్‌ను ఎంచుకుంటే మెనూ అక్షరాలు కొంత తేటపడవచ్చు. ఏదైనా తేడాగా కనిపిస్తే వెంటనే పాత స్థితికి మార్చండి, ఫైలుకు ఏ హానీ జరగదు.

ఈ వారం అభ్యాసం: ద్ద, ద్ధ, త్థ, ష్ఠ, ష్ట్ర అన్న అక్షరాలను 12 పాయింట్లలో టైపు చేసి, జూమ్ 100 శాతంలోనే ఉంచి, మీరు మామూలుగా కూర్చునే దూరం నుంచి చదవండి. స్కేలును 150 నుంచి 25 చొప్పున పెంచుతూ, ముందుకు వంగకుండా అన్నింటినీ గుర్తుపట్టగలిగిన అంకెను రాసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌కు 24 అంగుళాల మానిటరు కలిపినప్పుడు రెండు తెరలకు రెండు స్కేళ్లు పెట్టడం 4వ పాఠంలో చూస్తాము; అక్కడ ఈ అంకె అవసరమవుతుంది.