బ్రాడ్‌చర్చ్ చివరి ఎపిసోడ్‌ను రెండోసారి ఇలా చూడండి

ఇది బ్రాడ్‌చర్చ్ మొదటి సీజన్ పూర్తిగా చూసినవారి కోసం. చూడనివారు ఇక్కడే ఆగిపోండి. హంతకుడి పేరు తర్వాతి పేరాలోనే ఉంది.

2013లో బ్రిటన్‌లోని ఐటీవీ చానల్‌లో ప్రసారమైన ఈ సీరియల్‌లో ఎనిమిది ఎపిసోడ్లు. పదకొండేళ్ల డ్యానీ లాటిమర్ శవం సముద్రపు ఒడ్డున, కొండ కింద దొరుకుతుంది. చంపినవాడు జో మిల్లర్, ఆ కేసును దర్యాప్తు చేస్తున్న ఎల్లీ భర్త. చివరి ఎపిసోడ్ మొదలైన కాసేపటికే ఈ సంగతి బయటపడుతుంది. మిస్టరీ కథలు సాధారణంగా ఈ ముడిని ఆఖరి నిమిషాల దాకా విప్పవు. రచయిత క్రిస్ చిబ్‌నల్ మాత్రం త్వరగా విప్పేసి, మిగిలిన సమయాన్ని ఎల్లీకి, డ్యానీ తల్లిదండ్రులకు, ఆ ఊరికి ఇచ్చాడు. ‘ఎవరు చేశారు’ అన్న ధ్యాసలో మొదటిసారి మనం వాళ్లను సరిగా చూడం. అందుకే రెండోసారి చూడాలంటున్నాను.

ఎపిసోడ్ అయిపోగానే రెండో సీజన్ దానంతటదే మొదలుకాకుండా ఆపండి. నాలుగు రోజులు పోనివ్వండి. తర్వాత నేరుగా చివరి ఎపిసోడ్‌కు వెళ్లకండి, మొదటి ఎపిసోడ్ పెట్టండి. డ్యానీ చనిపోయాడని ఎల్లీ చెప్పాక, ఆమె కొడుకు టామ్ ఒంటరిగా కూర్చుని ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఉన్న సందేశాలన్నీ తుడిచేస్తాడు. ‘హంతకుడు ఆ భర్తేనని నాకు ముందే తెలుసు’ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. కావచ్చు. కానీ ఈ కథ బలం దాచడంలో లేదు. ఆ ఇంట్లో చంటిబిడ్డను చూసుకుంటూ తిరిగే జోను ఇప్పుడు గమనించండి. ఎల్లీ ఎంత నిశ్చింతగా ఆ ఇంటికి వస్తుందో గమనించండి. ఊళ్లోవాళ్లందరినీ అనుమానించాల్సిన ఉద్యోగం ఆమెది, అనుమానాన్ని గడప బయటే వదిలి రాగలిగేది అక్కడికే.

ఆ తర్వాత ఏడో ఎపిసోడ్‌లో సూజన్ రైట్‌ను విచారించే సన్నివేశం చూడండి. తప్పకుండా చూడాల్సింది ఇదే. సూజన్ భర్త సొంత ఇంట్లోనే ఘోరాలు చేశాడు. ‘నీకెలా తెలియకుండా పోయింది?’ అని ఎల్లీ ఆమెను నిలదీస్తుంది. ఆ గొంతులో నమ్మలేనితనంతో పాటు కొంత అసహ్యం కూడా ఉంటుంది. చివరి ఎపిసోడ్‌లో డ్యానీ తల్లి బెత్ అదే ప్రశ్న ఎల్లీని అడుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు బెత్ కంటే ముందే మా అక్క పైకి అనేసింది: ‘పోలీసై ఉండి, తన ఇంట్లో సంగతే తెలియలేదా!’ ఏడో ఎపిసోడ్ మళ్లీ చూపించాక అక్క ఆ మాట అనలేదు.

ఇప్పుడు చివరి ఎపిసోడ్. మొదటిసారి సబ్‌టైటిల్స్ అవసరమే. డేవిడ్ టెనెంట్ పోషించిన అలెక్ హార్డీ, అంటే ఎల్లీ పై అధికారి, మాట్లాడే స్కాట్లండ్ యాస మనకు అంత తేలిగ్గా అందదు. ఈసారి వాటిని తీసేయండి. కథ తెలుసు కాబట్టి కళ్లు అక్షరాల మీదకు కాకుండా ముఖాల మీదకు వెళ్లాలి. ముఖ్యంగా, హార్డీ ఎల్లీకి నిజం చెప్పే గదిలో. సీజన్ పొడవునా ‘మిల్లర్’ అని పిలిచిన మనిషి అక్కడ ‘ఎల్లీ’ అంటాడు. ఆ పిలుపు వినగానే ఎల్లీగా నటించిన ఒలీవియా కోల్మన్ ముఖం చూడండి. ఏం వినబోతోందో ఇంకా తెలియదు, కానీ భయం మొదలైపోయింది. తర్వాత ‘కాదు, పొరబడ్డావు’ అంటూ వాదిస్తుంది. ఆ వాదన కూలే క్షణంలో ఆమె శరీరం కూడా కూలిపోతుంది. టెనెంట్ దాదాపు ఏమీ చేయడు, ఆ నిగ్రహమే సన్నివేశాన్ని నిలబెట్టింది. ఈ పాత్రకు కోల్మన్‌కు 2014లో ఉత్తమ నటిగా బ్రిటన్‌లోని బాఫ్టా అవార్డు వచ్చింది. ఈ గది ఒక్కటి చాలు, ఎందుకొచ్చిందో తెలియడానికి.

ఓలావుర్ ఆర్నాల్డ్స్ సంగీతాన్ని ఫోన్ స్పీకర్‌లో వినకండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, లేదా టీవీలో చూడండి.

పిల్లలతో కలిసి చూడవద్దు. జో, డ్యానీల మధ్య జరిగినది ఇంట్లో పిల్లలున్న ఎవరినైనా కలచివేస్తుంది. ఒంటరిగా కాకుండా మాట్లాడుకోగలిగినవారితో చూడండి, అయిపోయాక తొందరపడి లేవకండి.

ఈ రెండు వీక్షణల మధ్యలో ‘గ్రేస్‌పాయింట్’ జోలికి పోవద్దు. అది 2014లో అమెరికాలో ఇదే కథతో వచ్చింది, అందులోనూ టెనెంటే. ముగింపు మార్చారు. ఆ మార్పుతో ఎల్లీకి ఎదురైన ప్రశ్న బరువే మారిపోయిందని నా అభిప్రాయం. పోల్చి చూడాలనుకుంటే తర్వాత చూడవచ్చు.

రెండో సీజన్‌ను కూడా అప్పుడే మొదలుపెట్టండి. అందులో జో తాను నిర్దోషినని కోర్టులో అంటాడు. ఆ మాటకు ఎల్లీ ఎలా చలిస్తుందో అర్థం కావాలంటే ఆ గది మీకు బాగా గుర్తుండాలి.