జేబు సైజు సూపర్‌హీరో కామిక్స్‌ను తక్కువ ఖర్చుతో సేకరించడం ఎలా

స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికను 1962లో అమెరికా దుకాణాల్లో 12 సెంట్లకు అమ్మారు. దాదాపు చెక్కుచెదరకుండా మిగిలిన ఆ సంచిక కాపీ ఒకటి 2021 సెప్టెంబరులో జరిగిన వేలంలో 36 లక్షల డాలర్లు పలికింది. ఆ పదకొండు పేజీల కథ చదవడమే మీ కోరిక అయితే అంత సొమ్ము అక్కరలేదు. అదే కథను పలు దఫాలుగా చిన్న పుస్తకాల్లో మళ్లీ ముద్రించారు, వాటిలో కొన్ని ఇప్పటికీ ఒక పూట హోటల్ భోజనం ఖర్చుకు దొరుకుతాయి. అయితే చిన్న సైజు పుస్తకాలన్నీ ఒక తీరువి కావు కాబట్టి, కొనే ముందు ఏది ఏ కాలానిదో, లోపల బొమ్మలను ఏం చేశారో తెలుసుకోవాలి.

1966 జనవరిలో బ్యాట్‌మ్యాన్ టెలివిజన్ ధారావాహిక మొదలై అమెరికాను ఊపేసింది. ఆ గిరాకీని అందుకోవడానికి సిగ్నెట్ సంస్థ బ్యాట్‌మ్యాన్ కథలను, లాన్సర్ బుక్స్ సంస్థ ఫెంటాస్టిక్ ఫోర్, స్పైడర్‌మ్యాన్, హల్క్, థోర్ కథలను నవల సైజు పుస్తకాలుగా 50 సెంట్లకు తెచ్చాయి. మన అద్దె లైబ్రరీల్లో తిరిగిన డిటెక్టివ్ పాకెట్ నవలలను చూసినవారికి ఆ ఆకారం వెంటనే తెలిసిపోతుంది. వీటిలో రంగులు లేవు. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది: నిలువు పేజీని ఆ చిన్న కొలతలో ఇరికించలేక ప్యానెళ్లను, అంటే పేజీలోని బొమ్మల గళ్లను, విడగొట్టి మళ్లీ పేర్చారు. ఆ కథల్లో చాలావాటికి బొమ్మలు గీసిన జాక్ కర్బీ ఒక పేజీ మొత్తాన్ని ఒకే ఊపులో కూర్చిన తీరు అక్కడ ముక్కలైపోతుంది. ఆ కాలపు గుర్తుగా ఒకటి దాచుకోవచ్చు గాని, కథ చదవడానికి వీటిని కొనమని నేను ఎవరికీ చెప్పను.

పాకెట్ బుక్స్ సంస్థ 1977 నుంచి తెచ్చిన మార్వెల్ (స్పైడర్‌మ్యాన్, హల్క్‌ల అసలు ప్రచురణ సంస్థ) పుస్తకాలు వేరు. ఇవి రంగుల్లో ఉన్నాయి, పేజీని కోయకుండా మొత్తంగా కుదించారు. స్పైడర్‌మ్యాన్ మొదటి భాగంలో ఆ తొలి కథతో పాటు సొంత పత్రికలోని 1 నుంచి 6 వరకు సంచికలు, రెండో భాగంలో 7 నుంచి 13 వరకు, మూడో భాగంలో 14 నుంచి 20 వరకు ఉన్నాయి. వీటిలో నాకు అన్నిటికన్నా నచ్చినది 1978 నాటి హల్క్ పుస్తకం. హల్క్ తొలి పత్రిక 1962–63లో ఆరు సంచికలతోనే ఆగిపోయింది కాబట్టి, ఆ ఒక్క పుస్తకం చేతికొస్తే ఆ పత్రిక మొత్తం జేబులో ఉన్నట్టే. ఇక బ్యాట్‌మ్యాన్ కథల ప్రచురణకర్త డీసీ సంస్థ 1979 నుంచి 1986 వరకు ‘ది బెస్ట్ ఆఫ్ డీసీ’ పేరుతో 71 డైజెస్టులు (చిన్న సైజు సంకలనాలు) వెలువరించింది. వాటిలో కథలను వరుసక్రమంలో గాక అంశాన్ని బట్టి ఏరి కూర్చారు; ఒక హీరో చరిత్రను మొదటి నుంచి చదవాలనుకునేవారికి పనికిరావు గాని, రైలు ప్రయాణానికి అంతకన్నా మంచి తోడు లేదు.

కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం పాతవాటి జోలికి పోకుండా, 2021లో మొదలైన ‘మైటీ మార్వెల్ మాస్టర్‌వర్క్స్’తో ఆరంభించడం మేలు. ఈ పుస్తకాల కొలత 6 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు. మొదలైనప్పుడు అట్ట మీద వేసిన ధర 15.99 డాలర్లు. ఒక్కో పుస్తకంలో సుమారు పది సంచికలు వరుసగా వస్తాయి. చాలా భాగాలు రెండేసి అట్టలతో వెలువడ్డాయి: ఒకదాని మీద మైకేల్ చో కొత్తగా గీసిన బొమ్మ, మరొకదాని మీద పాత సంచిక ముఖచిత్రం. లోపల ఒక్క గీత కూడా తేడా ఉండదు కాబట్టి ఏది చౌకగా వస్తే అది తీసుకోండి. డీసీ సంస్థ 2024లో ప్రారంభించిన ‘కాంపాక్ట్ కామిక్స్’ 9.99 డాలర్లకే వస్తాయి గాని, వాటిలో ఎక్కువగా ఉన్నవి 1980ల తర్వాతి కథలు.

కొలత విషయంలో కొంచెం లెక్క వేసుకోవాలి. అసలు కామిక్ పుస్తకం ఎత్తు పదింబావు అంగుళాలు. దానిని ఏడు అంగుళాల ఎత్తున్న నవల సైజుకు కుదిస్తే అక్షరం ఎత్తు మూడింట రెండు వంతులకు పడిపోతుంది, పేజీ వైశాల్యం సగానికన్నా తక్కువ అవుతుంది. తొమ్మిది అంగుళాల పుస్తకంలో ఆ తగ్గుదల ఎనిమిదో వంతు మాత్రమే కాబట్టి మాటల బుడగలు హాయిగా చదవవచ్చు. పేజీకి తొమ్మిది ప్యానెళ్లతో కిక్కిరిసిన ‘వాచ్‌మెన్’ లాంటి పుస్తకాన్ని కాంపాక్ట్ సైజులో కొనే ముందు, నలభై దాటినవారు ఒక పేజీని తమ కళ్లతో చూసి నిర్ణయించుకోవడం మంచిది.

ఈ సేకరణలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఒకే కథను మళ్లీ మళ్లీ కొనడం వల్ల. మాస్టర్‌వర్క్స్ స్పైడర్‌మ్యాన్ మొదటి భాగంలో తొలి కథ, 1 నుంచి 10 వరకు సంచికలు ఉన్నాయి; అంటే అది ఇంట్లో ఉన్నవారికి 1977 నాటి మొదటి భాగంలో కొత్త కథ ఒక్కటీ దొరకదు, రెండో భాగంలో సగానికి పైగా చదివినదే ఎదురవుతుంది. కాబట్టి అట్ట మీది పేరును నమ్మకుండా, కాపీరైట్ పేజీలో ఏ సంచికలను పునర్ముద్రించారో చదవాలి. పాత పుస్తకాల్లో ఆ వివరం లేకపోతే, పాఠకులే కూర్చిన గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ అనే వెబ్‌సైట్‌లో వెతకవచ్చు.

సెకండ్ హ్యాండ్ ప్రతిని పరీక్షించేటప్పుడు మొదట చూడవలసింది అట్ట కాదు, వెన్ను. వీటి పేజీలను కుట్టలేదు, జిగురుతో అంటించారు. దశాబ్దాలు గడిచేసరికి ఆ జిగురు ఎండి పెళుసెక్కుతుంది. పుస్తకాన్ని పూర్తిగా విప్పితే టప్‌మని విరిగి, పేజీలు పేకముక్కల్లా చేతిలోకి వస్తాయి. అందుచేత తొంభై డిగ్రీలకు మించి తెరవకుండా, మధ్య పేజీలు కదులుతున్నాయేమో వేలితో తడిమి చూడండి. ఇంటర్నెట్‌లో కొనేవారు వెన్ను ఫొటోను విడిగా అడిగి తెప్పించుకోవాలి. అంచులు పసుపెక్కడం చౌక కాగితానికి సహజమే గనుక దానికి భయపడనక్కరలేదు. ముట్టుకుంటే పొడిగా రాలే కాగితాన్ని, బూజు వాసన వచ్చే ప్రతిని మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి, ఎందుకంటే ఆ బూజు పక్క పుస్తకాలకూ పాకుతుంది.

అమెరికాలో ఉన్నవారికి పాత పుస్తకాల దుకాణాలు, గ్రంథాలయాల అమ్మకాలు మంచి చోట్లు. హైదరాబాద్‌లో అయితే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పరిచే పుస్తకాల మధ్య ఓపికగా వెతకాలి. ఫలానాది దొరుకుతుందన్న హామీ ఉండదు. విదేశం నుంచి విడిగా తెప్పిస్తే తపాలా ఖర్చు పుస్తకం ధరను మించిపోవచ్చు కాబట్టి, నాలుగైదు కలిపి కొనడమో, అమెరికా నుంచి వచ్చే బంధువుల పెట్టెలో చోటు అడగడమో మంచిది. తక్కువ బరువుండే ఈ పుస్తకాలను మోయడానికి పెద్దగా ఎవరూ విసుక్కోరు.

ఇంటికి తెచ్చాక పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ సంచిలో ఉంచి, ఎండ తగలని అల్మరాలో నిలువుగా పేర్చండి. మరీ బిగించినా, పక్కకు ఒరగనిచ్చినా వెన్ను వంగుతుంది. కోస్తా జిల్లాల వానాకాలపు తేమకు సిలికా జెల్ పొట్లాలు వాడి, తేమ పీల్చుకున్న వాటిని మారుస్తూ ఉండాలి. ఊడిన పేజీని సెల్లోటేపుతో అతికించవద్దు, దాని జిగురు కొన్నేళ్లకు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరకగా మిగులుతుంది. ఏ పుస్తకంలో ఏ సంచికలు ఉన్నాయో ఫోనులో ఒక పట్టిక రాసి పెట్టుకుంటే, ఫుట్‌పాత్ మీద అమ్మేవాడు తొందరపెడుతున్నప్పుడు అది మీ దగ్గర ఉన్నదో లేదో అరనిమిషంలో తేలిపోతుంది.