ఇంగ్లండ్‌లో మూతపడ్డ చిన్న రైల్వే స్టేషన్ చరిత్ర రాయాలంటే

కాగితం మీద ముందే నాలుగు గళ్లు గీసుకోండి: ప్రయాణికులకు తెరిచినది, గూడ్స్‌కు తెరిచినది, ప్రయాణికులకు మూసినది, గూడ్స్‌కు మూసినది. ప్రయాణికుల బళ్లు ఆగడం మానేసిన ఏళ్ల తర్వాత కూడా బొగ్గు యార్డు నడిచిన స్టేషన్లు బోలెడు. రెంటినీ కలిపేస్తే చరిత్రంతా తప్పుతుంది.

మొదట మ్యాపు. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నన్స్ సర్వే వేసిన ఇంగ్లండ్ పాత మ్యాపులూ ఉచితంగా చూడొచ్చు. మైలుకు 25 అంగుళాల స్కేలుది తీసుకోండి. ఆరంగుళాలదాంట్లో సైడింగులు (బళ్లు నిలిపే పక్క పట్టాలు), గూడ్స్ షెడ్డు సరిగా విడిపడవు. మ్యాపు మీద సర్వే ఏడాది వేరు, అచ్చేసిన ఏడాది వేరు. మీకు కావలసింది సర్వే ఏడాది.

తర్వాత రైల్వే కంపెనీ పేరు. 1923లో చాలా కంపెనీలు నాలుగు పెద్ద సంస్థల్లో కలిశాయి, 1948లో అవి జాతీయమయ్యాయి. అందుకే ఒకే స్టేషన్ కోసం మూడు పేర్ల కింద వెతకాల్సి రావచ్చు. లండన్ శివారు క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో పాత కంపెనీల కాగితాలు ‘రైల్’ వరుసలో, జాతీయమయ్యాక వచ్చిన బ్రిటిష్ రైల్వేస్‌వి ‘ఏఎన్’ వరుసలో ఉంటాయి. లైను ప్రతిపాదించినప్పటి ప్లాన్లు కౌంటీ రికార్డు ఆఫీసులో దొరుకుతాయి, కానీ ప్లాను ఉన్నంత మాత్రాన లైను వేసినట్టు కాదు. కట్టకుండానే అటకెక్కినవి చాలా ఉన్నాయి.

ఎక్కువమంది బోల్తాపడేది మూసివేత తేదీ దగ్గరే. అధికారిక తేదీ తరచూ సోమవారం. ఆదివారం బళ్లు లేని లైనైతే ఆఖరి బండి శనివారమే వెళ్లిపోయి ఉంటుంది. ఊళ్లోవాళ్లు శనివారమంటారు, దస్తావేజు సోమవారమంటుంది. ఇద్దరిదీ నిజమే, రెండూ రాయండి. మూసివేత నోటీసును మాత్రం ఒంటరిగా నమ్మొద్దు. సోమర్సెట్ అండ్ డోర్సెట్ లైనును 1966 జనవరి 3న మూస్తామన్నారు. బదులు బస్సుల ఏర్పాటు కుదరక మూసివేత మార్చి 7కు వాయిదా పడింది. ఆ వారం స్థానిక పత్రిక, ఆ నెల టైంటేబుల్ కలిపి చూస్తే తేలుతుంది. దేశంలోని బళ్లన్నిటి వేళలూ అచ్చేసిన బ్రాడ్‌షా టైంటేబుల్ 1961తో ఆగిపోయింది, ఆ తర్వాతకు బ్రిటిష్ రైల్వేస్ ప్రాంతీయ టైంటేబుళ్లే దిక్కు.

ప్రతి మూసివేతనూ అప్పటి బ్రిటిష్ రైల్వేస్ అధిపతి రిచర్డ్ బీచింగ్ నెత్తిన రుద్దడం మరో పాత అలవాటు. ఏ స్టేషన్లు మూయాలో చెప్పిన ఆయన నివేదిక వచ్చింది 1963 మార్చిలో. అంతకుముందే మూతపడినవి వేలల్లో ఉన్నాయి, ఆ నివేదికలో పేరున్నా బతికినవీ ఉన్నాయి.

చూడటానికి వెళ్లేముందు ఇప్పుడది ఎవరిదో కనుక్కోండి. పాత స్టేషన్ మాస్టర్ ఇల్లు చాలాచోట్ల ఎవరో కాపురముంటున్న ఇల్లు. పక్కన లైను ఇంకా నడుస్తుంటే పట్టాల మీదికి దిగడం నేరం. రోడ్డు వంతెన మీంచి ఫొటో తీసుకోండి.