పాత పంజరానికి తెల్ల పొడి అంటుకుంటుంటే

సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన పక్షి పంజరం తీగలను రుద్దితే వేలికి తెల్లటి పొడి అంటుతోందా? అది చాలావరకు తీగల మీది జింక్ పూతకు పట్టిన తుప్పే. పక్షి తీగలను కొరికితే ఆ పొడి కడుపులోకి పోతుంది, జింక్ దానికి విషం. పైన పెయింట్ కొట్టేద్దామని మొదట నేనూ అనుకున్నాను. కానీ చిలుక ఊరుకుంటుందా, గీకి పారేస్తుంది. ఆ పెచ్చులు ఇంకో తలనొప్పి.

ఒక కప్పు తెల్ల వెనిగర్‌కి ఒక కప్పు నీళ్లు కలపండి. పాత టూత్‌బ్రష్‌తో తీగలు, ముఖ్యంగా అవి కలిసే మూలలు, గట్టిగా రుద్దండి. పావుగంట ఆగి ఇంకోసారి. తర్వాత బాగా కడిగి, పూర్తిగా ఆరాక నల్ల గుడ్డతో తుడిచి చూడండి. పొడి అంటితే మళ్లీ రుద్దాల్సిందే. ఇదంతా ఆరుబయట, గ్లవ్స్ వేసుకుని, పక్షికి దూరంగా. వెనిగర్‌లో బ్లీచ్ మాత్రం కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది.

ఇది వదులుగా ఉన్న పొడినే తీస్తుంది, జింక్‌ను మొత్తం పోగొట్టదు. పూతే పెచ్చులుగా లేస్తున్నా, పాత రంగులో సీసం ఉందేమోనని అనుమానం వచ్చినా గీకకండి. అందులో పక్షిని పెట్టకపోవడమే మేలు.