తేలని హత్య కేసు వార్తల్ని ఎలా చదవాలి? ఆరుషి–హేమ్‌రాజ్ కేసుతో ఒక అభ్యాసం

హత్య జరిగిన సాయంత్రానికే టీవీలో హంతకుడి పేరు వినిపిస్తుంది. కోర్టులో తేలడానికి ఏళ్లు పడుతుంది, కొన్ని కేసుల్లో అసలు తేలనే తేలదు. ఈలోగా మనం చదివేవాటిలో, వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేవాటిలో ఏది ఆధారం, ఏది ఊహ, ఏది ఎవరో పని గట్టుకుని వదిలిన మాట అన్నది విడదీసి చూడటం నేర్చుకోవచ్చు. దానికి లా చదివి ఉండక్కర్లేదు. ఒక నోట్‌బుక్కు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఉదాహరణకు 2008 నాటి నోయిడా జంట హత్యల కేసును తీసుకుంటున్నాను. పద్నాలుగో పుట్టినరోజుకు దగ్గరపడిన ఆరుషి, ఆ ఇంట్లో పనిచేసే హేమ్‌రాజ్, ఇద్దరూ ఒకే రాత్రి హత్యకు గురయ్యారు. పోలీసులు, సీబీఐలో ఒక బృందం, మళ్లీ ఇంకో బృందం, ట్రయల్ కోర్టు, హైకోర్టు అందరూ ఈ కేసు చూశారు. ఎవరు చంపారన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. పైగా దీని తీర్పులు ఎవరైనా చదువుకోవచ్చు కాబట్టి అభ్యాసానికి బాగా పనికొస్తుంది.

1. ముందు తేదీలు రాసుకోండి

వార్తలు చదవకముందే ఒక పేజీలో తేదీలు వేసుకోండి. ఈ కేసుకైతే ఇలా వస్తుంది.

2008 మే 16 ఉదయం: నోయిడా జలవాయు విహార్‌లోని ఫ్లాట్‌లో బాలిక మృతదేహం. హేమ్‌రాజ్ కనిపించలేదు. 
మే 17: అదే భవనం టెర్రస్ మీద హేమ్‌రాజ్ మృతదేహం. 
మే 23: బాలిక తండ్రి అరెస్టు. 
జూన్ 1: కేసు సీబీఐకి. 
జూన్, జూలై: తండ్రి క్లినిక్‌లో పనిచేసే కాంపౌండర్‌తో పాటు మరో ఇద్దరి అరెస్టు. 90 రోజుల్లో ఛార్జిషీట్ వేయలేకపోవడంతో వాళ్లు బెయిల్‌పై బయటికొచ్చారు. 
2009: సీబీఐలో కొత్త బృందం. 
2010 డిసెంబరు: తండ్రిపై అనుమానం ఉంది గానీ ఆధారాలు చాలవంటూ, కేసు మూసేయమని కోర్టుకు సీబీఐ క్లోజర్ రిపోర్టు. 
2011 ఫిబ్రవరి: ఘజియాబాద్ మేజిస్ట్రేట్ దాన్ని ఒప్పుకోక తల్లిదండ్రులిద్దరినీ నిందితులుగా పిలిపించారు. 
2013 నవంబరు: యావజ్జీవ శిక్ష. 
2017 అక్టోబరు 12: అలహాబాద్ హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. 
2018: దాని మీద సీబీఐ సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఇప్పుడు ఆ మొదటి రెండు తేదీలు మళ్లీ చూడండి. పదహారో తేదీన మనిషి కనిపించలేదు కాబట్టి హంతకుడు హేమ్‌రాజే అన్నారు. ఫిర్యాదులో అతని పేరు, టీవీలో అతని ఫొటో. టెర్రస్ తలుపుకు తాళం వేసి ఉంది, దాని మీద రక్తపు మరకలున్నాయి. అయినా ఆ రోజు ఎవరూ తాళం పగలగొట్టలేదు. దేశమంతా హంతకుడిగా చూసిన మనిషి అప్పటికే ఆ తలుపు వెనక చనిపోయి పడి ఉన్నాడు. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో ఇంతకంటే పెద్ద అన్యాయం లేదు. అతనికి జరిగినదాని గురించి క్షమాపణ ఎవరైనా గట్టిగా చెప్పినట్టు నాకు గుర్తులేదు.

2. ప్రతి వాక్యం పక్కన 'ఎవరు చెప్పారు?' అని రాయండి

'తెలుస్తోంది', 'సమాచారం', 'విశ్వసనీయ వర్గాల కథనం' అని ముగిసే వాక్యాలన్నీ పెన్సిల్‌తో గీయండి. చాలా కథనాల్లో సగం గీతలే మిగులుతాయి. మిగతా వాక్యాలకు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడూ దొరకాలి.

ఎక్కడ అన్న మాట దగ్గర ఎక్కువసేపు ఆగండి. ప్రెస్‌మీట్‌లో అధికారి చెప్పిన మాటను ఎవరూ క్రాస్ ఎగ్జామిన్ చేయరు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 161, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 180 సెక్షన్ కింద రాసేది అదే. మేజిస్ట్రేట్ ముందు ఇచ్చేది (పాత 164, ఇప్పుడు 183) అంతకంటే బరువైనది. బోనెక్కి, అవతలి లాయరు ప్రశ్నలకు కూడా నిలబడిన సాక్ష్యం అన్నిటికంటే బరువైనది. ఇక పోలీసుల ముందు 'నేరం ఒప్పుకున్నాడు' అన్న హెడ్‌లైన్‌కు కోర్టులో విలువ లేదు. పాత సాక్ష్య చట్టంలోనూ, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనూ సంగతి అంతే. అతను చెప్పడం వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరికినదానికి సంబంధించినంత మేరకే ఆ మాట పనికొస్తుంది.

తండ్రిని అరెస్టు చేశాక పోలీసు పెద్దలు పెట్టిన ప్రెస్‌మీట్ దీనికి మంచి పాఠం. చనిపోయిన పిల్ల నడవడిక గురించి ఆధారం చూపకుండా మాట్లాడారు, ఆమె పేరే తప్పు పలికారు. అప్పుడు కేంద్రంలో మహిళా శిశు సంక్షేమ శాఖ చూస్తున్న మన ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరి దాన్ని గట్టిగా తప్పుపట్టారు. కానీ ఆ ప్రెస్‌మీట్‌లోంచి పుట్టిన కథలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. ఈ కేసు గురించి ఏదైనా 'అందరికీ తెలిసిన సంగతి' వినిపిస్తే, దాని మూలం ఆ రోజు మైకుల ముందు ఉందేమో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి.

3. వస్తువు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో గీయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. రక్తం అంటిన గుడ్డ ఏదైనా దానంతట అదే ఆధారం కాదు. అది ఎక్కడ దొరికింది, పంచనామాలో ఏమని రాశారు, సీలు వేసి ఎవరికి ఇచ్చారు, ల్యాబ్‌లో దానికి ఏ నంబరు పడింది, రిపోర్టులో ఏ నంబరు ఉంది అన్న గొలుసు తెగకుండా ఉంటేనే ఆధారం. లాయర్లు చైన్ ఆఫ్ కస్టడీ అనేది దీన్నే.

ఈ కేసులో రెండు దిండు గలేబులున్నాయి. రెండింటి కథా చదవాలి.

మొదటిదాని మీద హేమ్‌రాజ్ డీఎన్‌ఏ ఉంది. అది బాలిక గదిలో దొరికిందని సీబీఐ వాదించింది. వాళ్ల కేసుకు అదే గుండెకాయ. హేమ్‌రాజ్‌ను ఆ గదిలోనే చంపి, పైకి మోసుకెళ్లారని చెప్పాలంటే అతని రక్తం ఆ గదిలో ఉండాలి కదా. తీరా కోర్టులో ప్యాకెట్ సీలు విప్పి, దానికి కట్టిన చీటీ చదివితే అది పనివాడి గదిలో స్వాధీనం చేసుకున్నదని తేలింది. హేమ్‌రాజ్ దిండు మీద హేమ్‌రాజ్ డీఎన్‌ఏ ఉండటంలో వింతేముంది? ఒక్క చీటీతో ఎన్నో రోజుల వార్తలు కూలిపోయాయి.

రెండోది ఊదారంగు గలేబు. దీన్ని కాంపౌండర్ గదిలో స్వాధీనం చేసుకుని పరీక్షకు మన హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ల్యాబ్ సీడీఎఫ్‌డీకి పంపారు. 2008 నవంబరు నాటి సీడీఎఫ్‌డీ రిపోర్టు ప్రకారం దాని మీద హేమ్‌రాజ్ డీఎన్‌ఏ ఉంది. అంత పెద్ద సంగతి రెండేళ్లకు పైగా రిపోర్టులో ఒక వరుసగానే ఉండిపోయింది. 2011లో డిఫెన్స్, అంటే తల్లిదండ్రుల తరఫు లాయర్లు, ఆ వరుసను కోర్టులో ఎత్తి చూపింది. సీబీఐ ల్యాబ్‌కు రాసింది. రెండు వస్తువుల వివరణలు టైపింగ్‌లో అటూ ఇటూ అయ్యాయని ల్యాబ్ జవాబిచ్చింది. ఆ సవరణను నమ్మాలా వద్దా అన్నది హైకోర్టు దాకా పెద్ద వివాదంగా నడిచింది.

ఇక్కడ మీకు వెంటనే 'అయితే కాంపౌండరే చేశాడు' అనిపించవచ్చు. ఆగండి. అతని మీద ఛార్జిషీటే లేదు. ఆ వరుస చెప్పేది ఒక్కటే: ఆ వస్తువు మీద తేలాల్సింది తేలలేదు. ఒకరి మీద అనుమానం తగ్గగానే దాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టడం ఈ కేసులో మొదటి రోజు నుంచీ జరిగిన పనే. దాన్ని మనం కూడా కొనసాగించొద్దు.

ఘటనా స్థలం గురించి కూడా అడగండి. మొదటి రోజు ఆ ఫ్లాట్‌లోకి బంధువులు, ఇరుగుపొరుగు, విలేకరులు అందరూ వచ్చిపోయారు. డైనింగ్ టేబుల్ మీద రక్తపు మరకలతో ఉన్న విస్కీ సీసా నుంచి ఎవరివో చెప్పగలిగే వేలిముద్రలు రాలేదు. ఇప్పటి చట్టం ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, వీడియో తీయాలి. రాష్ట్రాలు దీన్ని అమలు చేయడానికి ఐదేళ్ల గడువు ఉంది. కొత్త కేసు వార్త చదివేటప్పుడు 'క్లూస్ టీమ్ ఎప్పుడు వెళ్లింది, అంతకుముందు లోపలికి ఎవరెవరు వెళ్లారు' అన్నది వెతకండి. విలేకరి అది రాయకపోతే, అడగలేదనే అనుకోవచ్చు.

4. మాట ఎప్పుడు మారిందో చూడండి

ఒకే సాక్షి మాటల్ని తేదీల వారీగా పక్కపక్కన రాయండి. నిలువు గీత గీసి ఎడమవైపు మొదటి వాంగ్మూలం, కుడివైపు కోర్టులో చెప్పింది పెట్టండి.

ఆ ఉదయం ఇంటికి వచ్చిన పనిమనిషి సాక్ష్యం తీసుకుందాం. బయటి తలుపుకు లోపల నుంచి గడియ ఉందా, బయట నుంచా అన్నది ఇక్కడ ప్రాణం లాంటి ప్రశ్న. లోపల నుంచే అయితే బయటివాళ్లు వచ్చి వెళ్లే దారి లేదని వాదించొచ్చు. ఆమె తాను బయటి తలుపును ముట్టుకున్నానని మొదటి వాంగ్మూలంలో చెప్పలేదు. కోర్టులో చెప్పింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మాత్రం, తనకు ఏది నేర్పారో అదే చెబుతున్నానంది. ఆ మాటను హైకోర్టు చాలా పట్టించుకుంది. పేదరాలు, ఎన్నిసార్లు ఎందరు అధికారుల ముందు కూర్చుందో. నేను ఆమెను తప్పుపట్టలేను. కానీ ఆ మాట మీద ఇద్దరికి యావజ్జీవం వేయడం కూడా కుదరదు.

పోస్టుమార్టం చేసిన డాక్టర్ విషయంలోనూ అంతే. రిపోర్టులో లేని సంగతులు తర్వాతి వాంగ్మూలాల్లో చేరుతూ వచ్చాయి. గాయాలు అవే, ఆయుధం మాత్రం మారింది: మొదటి సీబీఐ బృందం కుక్రీ (నేపాలీ వంపు కత్తి) అంది, రెండో బృందం గోల్ఫ్ కర్ర, సర్జికల్ బ్లేడు అంది. కొత్త సంగతి బయటపడినప్పుడల్లా ఒకటే అడగండి: కొత్త పరీక్ష ఏదైనా జరిగిందా, లేక పాత కాగితాన్నే కొత్తగా చదివారా?

5. 'నార్కో టెస్టులో బయటపడింది' అంటే పక్కన పెట్టండి

దీనికి ఎక్కువసేపు అక్కర్లేదు. మనిషి ఇష్టం లేకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదని 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో తేల్చింది. ఇష్టపడి చేయించుకున్నా ఆ మాటలు సాక్ష్యం కావు. 2008లో ఆ వీడియో ముక్కల్ని ఛానళ్లు గంటలకొద్దీ చూపించాయి. అప్పుడు చూసినవాళ్లలో చాలామందికి ఈ కేసు అంటే ఇప్పటికీ గుర్తుకొచ్చేవి అవే.

6. కాగితం తెచ్చుకుని చదవండి

చాలా ఎఫ్ఐఆర్‌లు పోలీసుల వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. 24 గంటల్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, సున్నితమైనవి మినహాయింపు. ఛార్జిషీట్ అలా పెట్టాల్సిన పత్రం కాదని 2023లో అదే కోర్టు చెప్పింది. కాబట్టి 'ఛార్జిషీట్‌లో ఉంది' అని రాసిన విలేకరి అది ఎలా చూశాడో మీరు ప్రశ్నించవచ్చు. కేసు ఏ దశలో ఉందో ఈ-కోర్ట్స్ సైట్‌లోనో, యాప్‌లోనో పార్టీ పేరుతో వెతకొచ్చు. ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే సీఎన్‌ఆర్ నంబరు తెలిస్తే ఇంకా సులువు. తీర్పులు ఆయా హైకోర్టుల సైట్లలో ఉంటాయి.

తీర్పును మొదటి పేజీ నుంచి చదివితే విసుగొచ్చి ఆపేస్తారు. ముందు చివరి పేజీలు చదవండి. తర్వాత 'ప్రాసిక్యూషన్ ఆధారపడిన పరిస్థితులు' అన్న భాగానికి వెళ్లండి. కంటితో చూసిన సాక్షి లేని కేసుల్లో కోర్టు ఒక్కో పరిస్థితిని విడిగా తూచి, అన్నీ కలిపితే ఒకే ముగింపు వస్తుందా అని చూస్తుంది. 1984 నాటి శరద్ బిర్దీచంద్ సార్దా తీర్పులోని ఐదు సూత్రాలు దాదాపు ప్రతి తీర్పులో కనిపిస్తాయి.

ఆరుషి కేసులో 2013, 2017 తీర్పులు రెండూ పక్కన పెట్టుకుని ఒక్క అంశం మీద పోల్చండి, టెర్రసో, తలుపో. ట్రయల్ కోర్టు ఇంట్లో నలుగురే ఉన్నారు, బతికింది ఇద్దరే, కాబట్టి జవాబు చెప్పాల్సింది వాళ్లే అన్న దారిలో నడిచింది. బయటివాళ్లు రాలేదని ముందు ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి కదా అని హైకోర్టు అడిగింది. విడిగా తీర్పు రాసిన జస్టిస్ అరవింద్ కుమార్ మిశ్రా, ట్రయల్ జడ్జి కేసును లెక్కల మాస్టారిలా, సినిమా డైరెక్టర్‌లా నడిపారని తప్పుపట్టారు. హంతకుడెవరో మాత్రం హైకోర్టు చెప్పలేదు. చెప్పడం దాని ముందున్న పని కూడా కాదు.

7. మీరు రాసేటప్పుడు

అరెస్టయిన మనిషిని నిందితుడనే రాయండి. అప్పీలు పెండింగ్‌లో ఉంటే ఆ ముక్క కూడా రాయండి. అత్యాచారం ఉన్న కేసుల్లో బాధితురాలి పేరు, ఫొటో, కాలేజీ పేరు కూడా పెట్టకూడదు. చనిపోయినా ఆ నిషేధం పోదు, ఉల్లంఘిస్తే జైలు శిక్ష ఉంది. మీ పోస్టులో పొరపాటు బయటపడితే గుట్టుగా తీసేయకుండా, అదే చోట సవరణ పెట్టండి.

మీకు నిజంగా ఏదైనా తెలిస్తే, అంటే చూశారు, విన్నారు, మీ ఫోన్‌లో ఉంది అంటే, పోస్టు పెట్టకండి. ఫోన్‌లో ఉన్న ఫైల్‌ను ఫార్వర్డ్ చేయకుండా, ఎడిట్ చేయకుండా అలాగే ఉంచండి. దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. తీసుకోనంటే ఎస్పీకి గానీ కమిషనర్‌కు గానీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇస్తానని ఆ లేఖలోనే అడగండి.