డబుల్ ఇండెమ్నిటీని రెండుసార్లు చూడండి

బిల్లీ వైల్డర్ 1944లో తీసిన ఈ సినిమాలో ఇన్సూరెన్స్ సేల్స్‌మన్ వాల్టర్ నెఫ్ మొదట్లోనే రాత్రిపూట ఆఫీసుకొచ్చి, డిక్టాఫోన్ (మాటలు రికార్డు చేసే యంత్రం) ముందు కూర్చుని హత్య చేశానని ఒప్పేసుకుంటాడు. డబ్బు కోసం, ఫిలిస్ అనే ఆడదాని కోసం ఆమె భర్తను చంపాడు. రెండూ దక్కలేదు. అంతా ముందే చెప్పేశాడు కాబట్టి మొదటిసారి కథ కోసం హాయిగా చూసేయండి. దీని గురించి రాయాలనుకుంటే, అసలు పని రెండోసారి చూసేటప్పుడు.

ముందు పాలసీని అర్థం చేసుకోండి. నేను జీవిత బీమా క్లెయిమ్స్ విభాగంలో పనిచేసిన మనిషిని, అందుకే నా దృష్టి మొదట అటే పోతుంది. ప్రమాదంలో పోతే రెట్టింపు ఇచ్చే ఏర్పాటు మన పాలసీల్లోనూ ఉంది. సినిమాలో అది మామూలుగా 50,000 డాలర్లు, రైలు ప్రమాదమైతే లక్ష. ఆ లక్ష కోసమే శవాన్ని పట్టాల మీదికి చేర్చాలి, కాలు విరిగిన ఆ భర్తలా నెఫ్ చంకకర్రలతో రైలెక్కాలి. క్లెయిమ్స్ చూసే కీస్‌కి అనుమానం ఎక్కడ మొదలైందో గమనించండి: కాలు విరిగినవాడు యాక్సిడెంట్ పాలసీ ఉండీ క్లెయిమ్ ఎందుకు పెట్టలేదు? పాలసీ ఉన్నట్టు ఆయనకే తెలియదన్నమాట! కీస్‌గా వేసిన ఎడ్వర్డ్ జి. రాబిన్‌సన్ ఆ ప్రశ్న వేసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. నిజంగా ఫైళ్లు చదివేవాడికి వచ్చే ప్రశ్న అది.

తర్వాత వెలుతురు. బయట కాలిఫోర్నియా ఎండ, ఫిలిస్ ఇంట్లో మాత్రం కిటికీ బ్లైండ్ల నీడలు చారలుగా నెఫ్ మీద పడతాయి. కెమెరామన్ జాన్ సైట్జ్ ఆ గదిలో దుమ్ము కూడా కనబడేలా తీశాడు. హత్య జరిగేటప్పుడు ఒకసారి పాజ్ చేయండి. పక్క సీట్లో భర్త చనిపోతుంటే, కెమెరా ఫిలిస్‌గా వేసిన బార్బరా స్టాన్విక్ ముఖాన్ని వదలదు.

నెఫ్ అపార్ట్‌మెంట్ తలుపు బయటికి తెరుచుకోవడం తప్పని చాలామంది పట్టుకుంటారు. ఫిలిస్ దాని వెనక దాక్కోవాలి, అందుకే అలా పెట్టారు. అక్కడ ఆగిపోకండి.

అగ్గిపుల్లల్ని మాత్రం వదలొద్దు. కీస్ చుట్ట తీసి జేబులు తడుముకుంటాడు, నెఫ్ బొటనవేలి గోటితో పుల్ల గీసి అంటిస్తాడు. ఈ సినిమాలో నిజమైన ప్రేమ ఈ ఇద్దరి మధ్యే ఉందని నా గట్టి నమ్మకం. చివర్లో పుల్ల గీసేది కీస్. గ్యాస్ ఛాంబర్‌లో నెఫ్‌కి మరణశిక్ష అమలయ్యే ముగింపు ఒకటి వైల్డర్ తీసి కూడా పక్కన పెట్టేశాడు. సరైన పని చేశాడు.

రాసేటప్పుడు కథను మూడు వాక్యాల్లో ముగించి, ఒక్క సీన్ మీదే కూర్చోండి. నేనైతే సూపర్‌మార్కెట్ సీన్ తీసుకుంటాను. డబ్బాల అరల మధ్య ఇద్దరూ ముఖాలు చూసుకోకుండా హత్య గురించి మాట్లాడుకుంటుంటారు, అంతలో ఎవరో ఆవిడ పై అరలోది అందివ్వమని నెఫ్‌ని అడుగుతుంది.